మేక ముట్టని గన్నేరు

మేక తినని ఆకు ఉండదంటారు గానీ, విజయవాడలో కృష్ణ మీది వారధి దాటి మంగళగిరి వైపు వెళ్తుంటే హైవే డివైడర్ మీద గన్నేరు పొదల్ని చూడండి, పశువు కొరికిన ఆకు ఒక్కటి కనపడితే ఒట్టు. ఆ ఆకులో ఒలియాండ్రిన్ అనే విషం ఉంటుంది. గుండె కండరంలో సోడియం, పొటాషియం అటూఇటూ మారే ఏర్పాటును అది అడ్డుకుంటుంది, దాంతో గుండె లయ తప్పుతుంది. గుండె జబ్బుకి వాడే డిగాక్సిన్ మందు కూడా ఈ రసాయనాల కుటుంబానిదే.

అయితే తిన్న పశువు చస్తే పొదకి ఒరిగేదేముంది? ఆకు పోనే పోయింది కదా. అందుకే ఆ చేదు. మొదటి కొరుకుకే ఉమ్మేసి వెళ్లిపోవాలి.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, కొట్టేసిన గన్నేరు కొమ్మల్ని రోడ్డు పక్కన పోగేసి వదిలేస్తారు. ఎండిన ఆకులో చేదు తగ్గుతుంది, విషం మాత్రం అలాగే ఉంటుంది, పచ్చి ఆకు చూసి మొహం తిప్పుకున్న ఆవే ఎండుటాకు తినేస్తుంది. మా వీధిలో కొమ్మలు కొట్టినాయన్ని అడిగితే, "ఎండిపోతే ఏం కాదులెండి, ఆవులే తినేస్తాయి" అన్నాడు! తగలబెట్టడం కూడా వద్దు, ఆ పొగా విషమే. గోతాంలో కుక్కి చెత్త బండికి ఇచ్చేయండి.

పొగాకుది ఇంకా గడుసు పద్ధతి. అది పొద కాదు, నిజమే, కానీ పొగాకు బోర్డు ఉన్న గుంటూరులో ఉంటూ దాని ఊసెత్తకుండా ఎలా? నికోటిన్ తయారయ్యేది ఆకులో కాదు, వేళ్లలో. పురుగు ఆకు కొరికితే జాస్మోనిక్ ఆమ్లం ద్వారా ఆ కబురు వేళ్లకి అందుతుంది, అక్కణ్ణించి మరింత నికోటిన్ పైకి వస్తుంది. నికోటిన్‌కి నత్రజని కావాలి, ఎప్పుడూ నిండుగా చేసుకుంటూ కూర్చుంటే మొక్క ఎదగడానికి మిగిలేది తగ్గిపోతుంది. రైతులు మొక్క తలలు తుంచినప్పుడు నికోటిన్ పెరగడానికి కూడా ఈ గాయం కబురు ఒక కారణం.

ఇంత కట్టుదిట్టం చేసినా దారి కనిపెట్టేవాళ్లు ఉంటారు. కరకట్ట పక్కన జిల్లేడు ఆకులు తిప్పి చూస్తే నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగు దొరుకుతుంది. అది ముందు ఈనెలు కొరికి పాలు కారిపోనిస్తుంది, తర్వాత తీరిగ్గా తింటుంది. పైగా జిల్లేడు విషంలో కొంత తన ఒంట్లోనే దాచుకుంటుంది. పక్షి నోట్లో పెట్టుకుని ఆ చేదు చూసేదాకా ఆగితే పురుగు ప్రాణం పోతుంది, అందుకని ఆ చారలు.