రంగు డబ్బా తెరవకముందు: కర్నూలు పాతబస్తీ ఇంట్లో బూజు పని

సెప్టెంబరు, వానలు ఉండగానే

దసరాకు ఇంటికి రంగులు వేయిద్దామని ఇంట్లో అందరూ అన్నారు. నేను వాయిదా వేయించాను. గోడలకు మూడు చోట్ల బూజు ఉంది, సాలీడు బూజు కాదు, చెమ్మకు పట్టే ఫంగస్. దాని మీదే రంగు వేస్తే ఏమవుతుందో పోయినసారి చూశాం. పుట్టీ పెట్టి, రెండు పూతలు ఎమల్షన్ కొట్టి, చూడముచ్చటగా చేసి వెళ్లారు. వానాకాలం సగం గడిచేసరికి అదే చోట, అదే ఆకారంలో నల్లమచ్చలు రంగును తోసుకుని బయటికి వచ్చాయి. బూజును తట్టుకునే మందు కలిపిన రంగులూ దొరుకుతాయి. ఆ మందు రంగు పొర మీద మాత్రమే కొంతకాలం కాపు కాస్తుంది. వెనుక నుంచి తడి వస్తుంటే ఆ పొరే ఊడిపోతుంది.

ఇంటి ముందు భాగం పాతది. రాతి గోడ, లోపల మట్టి, సున్నం. దాని మీద ఎప్పుడో సిమెంటు పూత పూశారు. నేలకు నాపరాళ్లు. వెనుక పడకగది తర్వాత కట్టింది: ఇటుక గోడలు, ఆర్సీసీ స్లాబు. ఈ తేడాను ముందే గుర్తుపెట్టుకోవాలి. ఒకే ఇంట్లో ఉన్నా ఈ రెండు రకాల గోడలకు ఒకే వైద్యం పనికిరాదు.

బూజు ఉన్న చోట్లు ఇవి: వసారా గోడ అడుగున మోకాలెత్తు వరకు, పడకగదిలో బీరువా వెనుక, అదే గదిలో పైకప్పు మూల.

అనంతపురంలో ఉండే మిత్రుడు ఫోనులో, "కరువు సీమలో గోడకు చెమ్మ ఏమిటి?" అని ఆశ్చర్యపోయాడు. ఏడాదికి ఎంత వాన పడిందన్న లెక్క గోడకు పట్టదు. చిన్న పగులులోంచి రోజూ కాస్త నీరు దిగితే చాలు. తడిసిన చోటు ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొలుస్తుంది. దాని విత్తనాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వాటిని ఆపలేం. మన చేతిలో ఉన్నది నీరు ఒక్కటే.

మా పెద్దమ్మ మాత్రం, "అది వరద చెమ్మ నాయనా, ఎక్కడికి పోతుంది?" అంటుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి పాతబస్తీని ముంచినప్పుడు ఈ ఇంట్లోనూ నీళ్లు నిలిచాయి. అప్పటి నీరు ఎప్పుడో ఆవిరైపోయింది. అయితే ఆమె మాటలో కొంత నిజం ఉంది. గోడలోకి ఎక్కిన నీరు ఆరిపోతూ తనలోని లవణాలను అక్కడే వదిలేస్తుంది. వాటిలో కొన్ని గాలిలోని తేమను కూడా పీల్చుకుంటాయి. అందుకే వానాకాలంలో ఎక్కడా కారకపోయినా ఆ గోడ చల్లగా, మెత్తగా తగులుతుంది.

సెప్టెంబరు చివర, పరీక్షలు

ఏది ఏమిటో తేల్చుకోకుండా బ్రష్ పట్టకూడదు. నేను చేసినవన్నీ ఇంట్లో ఉన్న సామానుతో చేయగలిగిన పరీక్షలే.

నల్లమచ్చ మీద ఒక చుక్క బ్లీచ్ ద్రావణం పెట్టాను. ఒకటి రెండు నిమిషాల్లో మచ్చ పాలిపోతే బూజు. మారకపోతే మసో మట్టో అనుకోవచ్చు. బీరువా వెనుకా, పైకప్పు మూలలోనూ మచ్చ పాలిపోయింది.

వసారా గోడ మీద నల్లమచ్చల కింద తెల్లటి నూగు కూడా ఉంది. చిటికెడు గీరి గాజు గ్లాసులో నీళ్లలో వేస్తే కరిగిపోయింది. అంటే అది గోడ కక్కిన ఉప్పు. బూజు అలా కరగదు. ఈ రెండింటినీ ఒకటే అనుకుంటే పనంతా తలకిందులవుతుంది. ఉప్పును పొడిగానే దులపాలి, నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకి పోతుంది. బూజును పొడిగా గీకకూడదు, గీకితే దాని విత్తనాలు గదంతా ఎగురుతాయి. ముందు తడిపి తీయాలి. మా వసారా గోడకు రెండూ ఉన్నాయి కాబట్టి ముందు పై మచ్చలను సబ్బునీటి గుడ్డతో తుడిచి, గోడ ఆరాక ఉప్పును మెత్తటి బ్రష్‌తో దులిపి, రాలినదాన్ని వెంటనే చేటలోకి ఎత్తాను.

మూడో పరీక్ష పాలిథిన్ కవరుది. మూరెడు చదరం ముక్క కత్తిరించి, నాలుగు అంచులా గాలి దూరకుండా టేపు అంటించి, ఒకటి రెండు రోజులు వదిలేయాలి. కవరు లోపలివైపు నీటి చుక్కలు కనిపిస్తే తడి గోడలోంచి వస్తోంది. గది వైపు చెమర్చితే తడి గదిలోని గాలిది. వసారాలో లోపలివైపు చుక్కలు పట్టాయి. బీరువా వెనుక లోపల పొడిగానే ఉంది, బయటివైపు కాస్త చెమ్మ. ఇరవై అడుగుల దూరం కూడా లేని ఈ రెండు గోడల జబ్బులు వేరని అక్కడే తేలింది.

బీరువా వెనుక చెమ్మకు కారణం కూలర్. కర్నూలు ఎండలకు కూలర్ లేని ఇల్లు తక్కువ. బయటి గాలి పొడిగా ఉన్న ఏప్రిల్, మే నెలల్లో, కిటికీ తెరిచి నడిపితే ఇబ్బంది లేదు. జూన్‌లో వానలు మొదలయ్యాక కూడా, దోమలు వస్తాయని కిటికీలు మూసి దాన్నే నడుపుతున్నాం. తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు తెచ్చి ఒక రాత్రి ఆ గదిలో పెడితే తెల్లవారేసరికి 80 శాతం దాటింది. 60 దాటకుండా చూసుకోవాలి. గోడకు ఆనించిన బీరువా వెనుక గాలి కదలదు, ఇనుము చల్లగా ఉంటుంది, తేమంతా అక్కడే చేరుతుంది.

అక్టోబరు, నీటిని ఆపడం

ఈ పనిలో ఎక్కువ కష్టం ఇక్కడే, ఎక్కువ ఫలితమూ ఇక్కడే.

పైకప్పు మూల సంగతి మిద్దె ఎక్కితే అర్థమైంది. నీళ్లు దిగే గొట్టం మూతి వేపాకులతో పూడిపోయి ఉంది. పిట్టగోడ, స్లాబు కలిసే చోట వెంట్రుక మందం పగులు మూల నుంచి రెండు మూరల పొడవున పోయింది. వాన ఆగాక కూడా అక్కడ నీళ్లు నిలుస్తున్నాయి. పగులును ఉలితో వి ఆకారంలో వెడల్పు చేసి, దుమ్ము ఊది, తడిపి, పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో నింపాం. ఆ మూల పొడవునా మాలును వాలుగా, గుండ్రంగా దిద్దాం. నిటారు మూలలోనే నీరు నిలిచి పగులు మళ్లీ తెరుచుకుంటుంది. మాలు గట్టిపడ్డాక గొట్టం మూతికి గుడ్డలు కుక్కి, మిద్దె మీద రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, మరుసటి రోజు వరకు వదిలాం. కింద మూల తడవలేదు. ఈ పరీక్ష చేయకుండా మేస్త్రికి లెక్క తేల్చకండి.

వసారా గోడకు కారణం వీధిలో ఉంది. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసుకుంటూ పోయారు. ఒకప్పుడు రెండు మెట్లు ఎక్కి ఇంట్లోకి వచ్చేవాళ్లం, ఇప్పుడు ఒక్కటే కనిపిస్తోంది. గోడ పక్కన పోగుపడిన మట్టి, పాత ఇటుక ముక్కలు లోపలి నేల కంటే ఎత్తయ్యాయి. వాన నీరూ, రోజూ చల్లే కల్లాపి నీరూ ఆ మట్టిలో నిలిచి రాయిలోకి ఎక్కుతున్నాయి. గోడ పొడవునా అడుగు వెడల్పున మట్టిని లోపలి నాపరాళ్ల మట్టం కంటే కిందికి తవ్వి తీసి, అడుగున కాలువ వైపు వాలు ఇచ్చి, కంకర నింపాను. మిద్దె గొట్టానికి వంపు ముక్క తగిలించి నీటిని గోడకు దూరంగా వదిలాను. కల్లాపి ఇప్పుడు గడప ముందు వరకే.

బాత్‌రూమ్ వైపు గోడను కూడా చూశాను. టైల్స్ సందులు గట్టిగానే ఉన్నాయి, అక్కడ పని లేదు.

నవంబరు, బూజు తీయడం

వానలు వెనకబట్టాక మొదలుపెట్టాం. ముందు కాపుదల: ఎన్95 మాస్కు, రబ్బరు చేతొడుగులు, కళ్లకు గాలి దూరని అద్దాలు. గుడ్డ కట్టుకుంటే సరిపోదు. ఉబ్బసం ఉన్నవారు, పసిపిల్లలు ఆ పూట ఇంట్లో ఉండకూడదు. మా అమ్మాయికి వానాకాలమంతా తెరలు తెరలుగా దగ్గు వస్తుంది కాబట్టి తనను పెద్దమ్మ ఇంటికి పంపాం. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం, శ్వాస ఇబ్బందులు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే తన మార్గదర్శకాల్లో చెప్పింది. దీన్ని గోడ అందం సంగతిగా చూడటం నాకు అందుకే నచ్చదు. ఇంకో లెక్క కూడా ఉంది. బూజు సుమారు 10 చదరపు అడుగులకు, అంటే మూడడుగుల చదరానికి, లోపల ఉంటే ఇంటివాళ్లు చేసుకోవచ్చని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సూచన. అంతకంటే విస్తరించి ఉంటే తెలిసినవాళ్లను పిలవడం మంచిది.

గది తలుపు సందులకు పాలిథిన్ అంటించి, ఫ్యాను ఆపి, కిటికీ తెరిచి పనిచేశాం. స్ప్రే సీసాతో సబ్బునీళ్లు చల్లి, మచ్చ నానాక పుట్టీ బ్లేడుతో గీశాను. బీరువా వెనుక పుట్టీ పెళ్ల ఒకటి అరచేయంత ఊడి చేతిలోకి వచ్చింది. పైవైపు గోధుమరంగు ఎమల్షన్ ఇంకా నిగనిగలాడుతోంది. తిప్పి చూస్తే బూడిదరంగు ఆకుపచ్చ పొర, దానిలో ఒక నల్లచుక్క నుంచి మరోదానికి పాకిన సన్నని పోగులు. ఆ పెళ్ల అడుగున అంతకుముందటి నీలం డిస్టెంపర్, దాని మీదా అదే మచ్చ. రంగు వేసిన ప్రతిసారీ బూజును అలాగే కప్పేశారని పొరలే చెబుతున్నాయి. గట్టి పూత తగిలేదాకా తీసుకుంటూ పోయాను. సుత్తి పిడితో తట్టి డొల్ల మోత వచ్చిన చోటల్లా పూత కొట్టేయించాను. మచ్చ అంచు దాటి ఒక అడుగు వరకు తీయడం నయం. పెళ్లలన్నీ తడిగా ఉండగానే సంచిలో వేసి మూతి కట్టి బయటికి పంపాం.

బ్లీచ్ గురించి గట్టిగా చెప్పాలి. టైల్స్, గాజు వంటి నీరు పీల్చని వాటి మీద అది బాగా పనిచేస్తుంది. లీటరు నీటికి 60 మిల్లీలీటర్లు మించకుండా కలిపితే చాలు. గోడ పూత నీటిని పీల్చేది. బ్లీచ్‌లోని నీరు లోపలికి ఇంకుతుంది, మందు పైనే ఉండిపోతుంది. మచ్చ తెల్లబడి పోయినట్టు కనిపిస్తుంది, లోపలి పోగులు అలాగే ఉంటాయి. పైగా చచ్చిన బూజు కూడా పడనివాళ్లను దగ్గించగలదు. అందుకే గోడకు సబ్బునీళ్లు, బ్రష్, పుట్టీ బ్లేడు, ఆ తర్వాత శుభ్రమైన తడిగుడ్డ వాడాను. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌ను గానీ, వెనిగర్‌ను గానీ బ్లీచ్‌తో ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది. అమ్మోనియా ఉన్న ద్రావణాలతో కలిపినా విషవాయువే. మూసిన బాత్‌రూమ్‌లో ప్రాణం మీదికి వస్తుంది.

డిసెంబరు, జనవరి

ఆరబెట్టడం. ఇందులో రాయడానికి ఏమీ లేదు, ఓపిక పట్టడమే. తడి ఎక్కిన గోడ మందంలో అంగుళానికి ఒక నెల పట్టవచ్చని అనుభవజ్ఞుల మోటు లెక్క. కర్నూలు చలికాలపు పొడిగాలి మనకు మేలు చేస్తుంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం వరకు కిటికీలు తెరిచి, ఫ్యాను గోడ వైపు తిప్పి పెట్టాం. పెయింటర్ వచ్చి గోడ తడిమి, "ఎండిపోయింది సార్, సంక్రాంతికి కానిచ్చేద్దాం" అన్నాడు. చేతికి పొడిగా తగిలింది నిజమే. పాలిథిన్ కవరు మళ్లీ అంటించి చూస్తే వసారాలో ఇంకా చుక్కలు పట్టాయి. పండుగకు ముగ్గులు, తోరణాలతో సరిపెట్టుకున్నాం.

ఫిబ్రవరి, పడకగది పూర్తి

కవరు రెండువైపులా పొడిగా వచ్చాకే రంగు పని మొదలైంది. కొట్టేసిన చోట పూసిన కొత్త సిమెంటు పూతకు నాలుగు వారాలు గడువు ఇచ్చాం. పుట్టీ విషయంలో సిమెంటు ఆధారంగా చేసినదే తీసుకున్నాను. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చెమ్మ తగిలితే మెత్తబడుతుంది, ఇలాంటి గదికి వద్దు. పలుచగా రెండు పూతలు, మధ్యలో ఎమరీ కాగితంతో రుద్దడం, మళ్లీ మాస్కు. తర్వాత క్షారాన్ని తట్టుకునే ప్రైమర్, దాని మీద ఎమల్షన్.

బీరువాను గోడకు జానెడు దూరంలో, కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టి నిలబెట్టాం. తేమ మీటరు దాని పక్కనే మేకుకు వేలాడుతోంది. ఈ వేసవిలో కూలర్ నడిపేటప్పుడు ఎదురు కిటికీ తెరిచి ఉండాలి, దోమలకు జాలీ బిగించాం. మొదటి వానతో కూలర్ బంద్.

మార్చి, వసారా గోడ

ఈ గోడకు మళ్లీ సిమెంటు, ఎమల్షన్ వేయనివ్వలేదు. రాయి, మట్టి, సున్నంతో కట్టిన గోడ తన తడిని ఆవిరిగా వదలాలి. సిమెంటు పూత, దాని మీద ప్లాస్టిక్ రంగు ఆ దారిని మూసేస్తాయి. తడి ఇంకా పైకి ఎక్కుతుంది. నడుమెత్తు వరకు సిమెంటు పూత కొట్టేయించి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుకతో పూత వేయించాం. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడమే కష్టమైంది. దొరికిన పెద్దాయన పూత వేసినంత శ్రద్ధగా దాన్ని తడపడం గురించి చెప్పాడు: "గబగబా ఎండితే పొడి రాలుతుంది సార్, తడి గోనెపట్టా వేలాడదీయండి." సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడుతుంది. దానికి కొంత తడి, చాలా సమయం కావాలి. పైన మూడు పలుచటి పూతలు వెల్ల వేశాం. సున్నపు క్షారానికి బూజు అంత సులువుగా నిలవదు. కలిపేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

నిన్న చూస్తే కింద జానెడు ఎత్తున తెల్లనూగు మళ్లీ కొంచెం తేలింది. గోడలో పాత ఉప్పు ఇంకా ఉంది కాబట్టి కొన్నాళ్లు ఇలాగే వస్తుంది. పొడి బ్రష్‌తో దులిపి ఎత్తేయడమే. నల్లమచ్చ మాత్రం ఎక్కడా లేదు. వానలు పడ్డాక ఆ జానెడు మేర కవరు అంటించి చూస్తాను. లోపల చుక్కలు పడితే బయట కంకర కాలువను ఇంకాస్త లోతు చేయించాలి, పడకపోతే దసరా ముందు ఇంకో పూత వెల్ల.