రొయ్య కాళ్లు, ఈగ రెక్కలు

పోయిన ఆదివారం కావలి మార్కెట్ నుంచి కిలో వనామి రొయ్యలు తెచ్చి, వంటింట్లో పీట వేసుకుని ఒలుస్తున్నా. యాభై కౌంట్ సరుకు, కిలోకి యాభై తూగుతాయి, కాళ్లన్నీ విడివిడిగా కనిపించేంత సైజు. ట్యూషన్‌కి వచ్చిన బైపీసీ పిలకాయలిద్దరు పక్కన చేరారు. అందులో ఒకమ్మాయి రొయ్యను తిరగేసి కాళ్లు లెక్కపెట్టి, "మేడం, నడిచే కాళ్లు ఐదు జతలు కదా, ముందు మూడు జతలకే కొసన పటకారు ఉంది, వెనక రెండింటికి లేదేం?" అని అడిగింది. భలే సంతోషం వేసింది నాకు. చేతులు కూడా కడుక్కోకుండా మొదలుపెట్టా, గంటన్నర పట్టింది, ఈలోపు ఎర్రగడ్డలు తరిగింది కూడా ఆ అమ్మాయే. ఆ రోజు చెప్పిందీ, చెప్పాలనుకుని మర్చిపోయిందీ కలిపి ఇక్కడ రాస్తున్నా.

రొయ్య ఒళ్లంతా తల నుంచి తోక దాకా ఖండితాల వరస, అంటే ఒకదాని వెనక ఒకటి పేర్చిన ముక్కలు. దాదాపు ప్రతి ఖండితానికీ ఒక జత అవయవాలుంటాయి. ముందు రెండు జతలు మీసాలు, తర్వాత నోటి చుట్టూ నమిలేవీ తిండిని పట్టి అందించేవీ, ఆపైన నడిచేవి, పొట్ట కింద ఈదేవి ఐదు జతలు, చివర తోక విసనకర్ర. అన్నీ ఒక అచ్చులోంచి వచ్చిన జతలే, ఉన్న చోటును బట్టి రూపం మారింది. మరి నువ్వు ఫలానా చోట ఉన్నావని ఆ ఖండితానికి చెప్పేదెవరు? ఈ ప్రశ్నకు జవాబు ముందు పండ్ల ఈగలో దొరికింది.

పండ్ల ఈగ అంటే ఉలవపాడు రైతులకు గుర్తొచ్చేది మామిడికాయలో గుడ్లు పెట్టి పంట పాడుచేసే ఈగ. అది వేరే కుటుంబం. నేను చెప్పేది డ్రోసోఫిలా గురించి, బుట్టలో అరటిపండు బాగా మగ్గితే చుట్టూ తిరిగే ఆ రెండు మూడు మిల్లీమీటర్ల ఎర్రకళ్ల పురుగు. ఇరవై ఐదు డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్ద ఈగ అయ్యేదాకా పది రోజులు చాలు. అందుకే వందేళ్లకు పైగా జన్యుశాస్త్రం దీని చుట్టూనే తిరిగింది.

దీని ఉరంలో, అంటే తలకూ పొట్టకూ మధ్య భాగంలో, మూడు ఖండితాలు. మూడింటికీ కాళ్లుంటాయి, రెక్కలు మాత్రం రెండో దానికే. మూడో దానికి రెక్కల చోట హాల్టర్లు అనే చిన్న గుబ్బలుంటాయి. ఇంట్లో చచ్చిపడిన మామూలు ఈగను తెల్లకాగితం మీద పెట్టి, గుండుసూదితో రెక్కను పైకెత్తి భూతద్దంతో చూడండి. రెక్క మొదలుకు కాస్త వెనక, సన్నటి కాడ మీద పాలిపోయిన రంగు గుండు ఒకటి కనిపిస్తుంది, ఆవగింజలో పావు వంతు కూడా ఉండదు. ఎగిరేటప్పుడు ఇది రెక్కలతో పాటే కొట్టుకుంటూ ఒళ్లు ఎటు తిరుగుతోందో ఈగకు తెలియజేస్తుంది. అది తీసేస్తే ఈగ బ్యాలెన్స్ తప్పిపోతుంది.

1915లో అమెరికాలో జన్యుశాస్త్రవేత్త మోర్గన్ గారి ల్యాబ్‌లో కాల్విన్ బ్రిడ్జెస్‌కి ఒక వింత ఈగ దొరికింది, దాని హాల్టర్ కొంతమేర రెక్కలా మారి ఉంది. దానికి బైథొరాక్స్ అని పేరు పెట్టారు. తర్వాత అక్కడి కాల్‌టెక్ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ లూయిస్ అనే ఆయన దశాబ్దాల పాటు ఈ ఈగల్ని ఒకదానితో ఒకటి కలుపుతూ, అక్కడి మార్పులు కొన్నిటిని ఒకే ఈగలోకి తెచ్చి, పూర్తిగా నాలుగు రెక్కలున్న ఈగను తయారు చేశారు. మూడో ఖండితం తాను రెండోదాన్ననుకుంది, అంతే. 1978లో ఆయన రాసిన పేపరు, 1995లో నోబెల్.

నేను డిగ్రీ చదివేటప్పుడు ఈ నాలుగు రెక్కల ఈగ బొమ్మ పుస్తకంలో ఉంది. పరీక్షలో రాదని సారు పేజీ తిప్పేశారు. ఆ బాధ ఇప్పటికీ ఉంది నాకు, ఎందుకంటే దానివల్ల చాలా ఏళ్లు తప్పుగా అనుకున్నా: కాలికి ఒక జీను (జన్యువు), రెక్కకు ఒక జీను ఉంటాయని. ఈ బొమ్మ చెప్పేది వేరు. పాడైన జీను పేరు అల్ట్రాబైథొరాక్స్. అది పాడైతే రెక్క పోవాలి కదా, వచ్చింది! అంటే రెక్క కట్టడం ఆ ఖండితానికి ముందే తెలుసు, ఈ జీను అక్కడ ఆ పనిని మార్చి హాల్టర్‌గా మలుస్తోంది. ఇల్లు కట్టే మేస్త్రీలు, ఇటుకలు, సిమెంటు అన్ని గదులకూ ఒకటే. ఇది వంటగది, ఇది పడకగది అని చెప్పే మనిషి ఒకడున్నాడు చూడండి, ఈ జీను అతను. ఇది కింద వందల జీన్లను పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ కింది జీన్లేవో వెతికే పని మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో ఎల్.ఎస్. శశిధర గారి బృందం ఏళ్ల తరబడి చేసింది.

ఇంకో ఈగ ఉంది, తల మీద మీసాల చోట కాళ్లు మొలిచింది. మొదటిసారి ఫోటో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఉరంలో మాత్రమే పనిచేయాల్సిన ఆంటెన్నపీడియా జీను తలలో కూడా మేలుకుంటే వచ్చే ఫలితం అది.

ఇలాంటివి ఈగలో ఎనిమిది. హాక్స్ జీన్లు అంటారు. మూడో క్రోమోజోమ్ మీద రెండు గుంపులుగా, ఒకదాంట్లో ఐదు, ఇంకోదాంట్లో మూడు. క్రోమోజోమ్ మీద అవి ఏ వరసలో ఉన్నాయో ఒంట్లో తల నుంచి తోకకు అదే వరసలో పనిచేస్తాయి. నేను ఎన్నిసార్లు చెప్పినా ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగిపోతా.

వీటిని మేలుకొలిపేది అంతకు ముందు పనిచేసే జీన్లు. తల్లి ఈగ గుడ్డు ముందు కొసన బైకాయిడ్ అనే సందేశం పెట్టి పంపుతుంది, దాని ప్రోటీను ముందు చిక్కగా, వెనక్కి పోయేకొద్దీ పలచగా. దాన్ని బట్టి గుడ్డులో వెడల్పాటి పట్టీలు, వాటి నుంచి ఏడు చారలు, తర్వాత పద్నాలుగు. గుడ్డు పెట్టిన కొన్ని గంటల్లోనే ఇదంతా అయిపోతుంది. ఈ మెట్లను బయటపెట్టిన క్రిస్టియానె న్యూస్లైన్ ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషాస్ ఇద్దరూ లూయిస్‌తో పాటే నోబెల్ అందుకున్నారు. ఆ తొలి సంకేతాలు త్వరగానే మాయమైపోతాయి, కానీ ఏ ఖండితంలో ఏ హాక్స్ జీను నడవాలో కణాలు మర్చిపోవు. పాలీకూంబ్ లాంటి జీన్లు అక్కర్లేని చోట వీటికి తాళం వేసి ఉంచుతాయి. ఆ తాళం సడలితే మగ ఈగకు ముందు కాళ్ల మీదే ఉండాల్సిన దువ్వెన లాంటి వెంట్రుకల వరస మిగతా కాళ్ల మీదా వస్తుంది.

1984లో ఈ జీన్లలో 180 డీఎన్‌ఏ అక్షరాల ఒకే ముక్క బయటపడింది, ఒకపక్క స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో వాల్టర్ గేరింగ్ ల్యాబ్‌లో, ఇంకోపక్క అమెరికాలో ఇండియానా యూనివర్సిటీలో. ఆ ముక్క కప్పలో, ఎలుకలో, మనలోనూ ఉంది. మనకు హాక్స్ జీన్లు 39. ఎలుకలో హాక్స్-10 జీన్లన్నీ తీసేస్తే నడుము వెన్నుపూసలకు కూడా పక్కటెముకలు మొలుస్తాయి.

ఇక రొయ్య దగ్గరికి వస్తే, దాని చుట్టాల్లో పార్హయేల్ అనే చిన్న జీవి మీద 2016లో క్రిస్పర్‌ అనే జీన్లను కత్తిరించే పద్ధతితో ఈ హాక్స్ జీన్లను ఒక్కొక్కటే ఆపి చూశారు. వెనక భాగంలో పనిచేసే అబ్డామినల్-బి తీసేస్తే, పొట్ట కింద ఈదే కాళ్ల చోట ఉరం మీద ఉండే రకం కాళ్లు వచ్చాయి. అల్ట్రాబైథొరాక్స్ ఎక్కడ మొదలవుతుందో దాన్ని బట్టి, దానికి ముందున్న కాళ్లు నోటికి తిండి అందించే పనికి మారిపోతాయని అంతకు ముందే 1997లో మైకేలిస్ అవెరాఫ్, నిపమ్ పటేల్ చూపించారు. మన అమ్మాయి అడిగిన పటకారు సంగతి కూడా ఈ లెక్కలోదే, ఏ ఖండితానికి ఏ కాలు అని.

రొయ్యలు అయిపోయాయి, ఉప్పూ పసుపూ వేసి కడుగుతుంటే అప్పటిదాకా మాట్లాడని రెండో అబ్బాయి అడిగాడు, "మరి జెర్రికి అన్ని కాళ్లూ ఒకటేగా మేడం, దానికి ఈ జీన్లు లేవా?"

ఉన్నాయిరా. దానికీ ఒక జత మారింది. మొండెం మీద మొదటి జత కాళ్లు తల కిందికి వంగి విషపు కొక్కేలయ్యాయి. జెర్రి మనల్ని కుట్టేది నోటితో కాదు, ఆ కాళ్లతోనే.