తెర మీదా తండ్రీకొడుకులే

నిన్న రాత్రి నిద్ర పట్టక 1996 నాటి జపాన్ సినిమా ‘ఒయిషింబో’ పెట్టాను. తిండి దగ్గర పంతాలకు పోయే తండ్రీకొడుకుల కథ. సగమయ్యాక తెలిసింది, ఆ ఇద్దరూ నిజంగానే తండ్రీకొడుకులని! మికుని రెంతారో, సాతో కోయిచి. ఇంటిపేర్లు కలవవేంటా అని వెతికితే, పెద్దాయన అసలు ఇంటిపేరూ సాతోయేనట. 1951లో తొలి సినిమాలో వేసిన పాత్ర పేరునే జీవితాంతం ఉంచేసుకున్నాడు. కొడుకు ఆ పేరు జోలికే పోలేదు. మనవడు కన్‌ఇచిరో కూడా నటుడే, అతనికి తెరపేరులో ఇంటిపేరే లేదు!

మా నాన్న పక్కన ఫొటో దిగమంటేనే నా మొహం బిగుసుకుపోతుంది. వీళ్లేమో కెమెరా ముందు ఢీ అంటే ఢీ.

ఇవాళ కోయిచికి జపాన్ అకాడమీ ఉత్తమ నటుడి అవార్డు తెచ్చిన ‘64’ చూడాలి. రెండు భాగాలట. నిద్ర మళ్లీ గోవిందా.