కోరల్ సర్వే చేద్దామని వెళ్తే ముందు నా కాళ్ళు సరిచేశారు

అసలు నేను వెళ్ళింది సెలవు ఎంజాయ్ చేద్దామనే, అబద్ధమెందుకు. స్కూబా డైవింగ్‌లో మొదటి లైసెన్స్, అదే ఓపెన్ వాటర్ కార్డ్, వచ్చి రెండేళ్ళయింది, మొత్తం 14 డైవ్స్ చేశా, ఆరు రోజుల ట్రిప్, తోడు మా బావ. ఆయనకి కెమెరా పిచ్చి. నాకేమో ఎక్కడికెళ్ళినా ఏదో ఒకటి పనికొచ్చేది చేశాననిపించుకోవాలనే యావ, అందుకే టూరిస్టులతో కోరల్‌వాచ్ సర్వే, అంటే కోరల్ (పగడం) రంగుని చార్ట్‌తో పోల్చి రాసే పని, చేయించే డైవ్ సెంటర్ కోసం రెండు వారాల ముందు నుంచీ వెతికా.

వెతికేటప్పుడు అందరికీ అవే మూడు ప్రశ్నలు పంపా. పడవని మూరింగ్ బోయకి (పడవలు కట్టడానికే నీళ్ళలో పెట్టిన తేలే బుంగకి) కడతారా లేక రీఫ్ (పగడాల దిబ్బ) మీద లంగరు వేస్తారా, ఒక గైడ్‌కి ఎంతమంది డైవర్లు, గ్రీన్ ఫిన్స్‌లో ఉన్నారా. గ్రీన్ ఫిన్స్ అంటే ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2004లో మొదలుపెట్టిన పద్ధతి, అందులో సర్టిఫికెట్ తీసుకున్న సెంటర్లని ఏడాదికోసారి వచ్చి చెక్ చేస్తారు. ఒక సెంటర్ వాళ్ళు లంగరు గురించి అడగ్గానే రిప్లై ఇవ్వడం మానేశారు, అదే జవాబు అనుకున్నా. చివరికి ఒకటి దొరికింది, బుక్ చేశాం.

మొదటి రోజు పడవ ఎక్కగానే చార్ట్ ఇవ్వండి అని అడిగా. ఇన్‌స్ట్రక్టర్ నవ్వి, ఇవాళ చార్ట్ లేదు, ఊరికే ఈదుకుంటూ రండి చూస్తా అంది. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. దిగాం, 45 నిమిషాలు, తాబేలు కూడా కనపడింది, పైకొచ్చాక సూపర్ డైవ్ అని నేనే అందరికీ చెప్పుకున్నా.

సాయంత్రం బావ వీడియో పెట్టాడు. నేను తాబేలుని చూస్తూ మైమరచిపోయి ఉన్నా, కింద నా కుడి ఫిన్ (ఈదడానికి కాలికి వేసుకునే రెక్క) కొమ్మల కోరల్‌ని టక్కున కొట్టింది, వేలంత ముక్క విరిగి పడింది, రెండో కిక్‌కి ఇసుక లేచి పక్కనున్న కోరల్ మీద పడింది. ఇంత జరిగినా నాకు కాలికి ఏమీ తగిలినట్టే అనిపించలేదు! కొమ్మల కోరల్ బాగా పెరిగే చోట ఏడాదికి 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుందట, నేను కొట్టిన దాని పక్కనే గుండ్రాయిలా ఉండే రకం ఒకటి ఉంది, అదైతే ఏడాదికి ఒక సెంటీమీటర్ పెరిగితే గొప్ప. "రీఫ్‌ని కాపాడ్డానికొచ్చావుగా రా" అని బావ ఒక్కమాటే అన్నాడు, ఆ రాత్రంతా అదే గుర్తొచ్చింది.

మర్నాడు ఇన్‌స్ట్రక్టర్‌కి చూపిస్తే ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. కరీబియన్ దీవి సెయింట్ లూసియాలో డైవర్ల వెనకాలే వెళ్ళి చూసి 2004లో ఒక స్టడీ రాశారట, దాదాపు నలుగురిలో ముగ్గురు డైవ్‌లో ఎక్కడో ఒకచోట రీఫ్‌ని తగిలారు, ఆ తగలడాల్లో ఎక్కువ భాగం ఫిన్స్ వల్లే, కెమెరా ఉన్నవాళ్ళు ఇంకా ఎక్కువ తగిలారు. ఇంకో సంగతి కూడా తేలింది అందులో, పడవ మీద ముట్టుకోకండి అని ఒక మాట చెప్పి వదిలేస్తే ఏమీ మారలేదు, నీళ్ళలో గైడ్ పక్కనుండి తగిలినప్పుడల్లా ఆపితేనే తగ్గింది. అది విన్నాక, నిన్న చార్ట్ ఎందుకివ్వలేదో అర్థమైంది.

రెండో రోజంతా బరువుల గొడవే. నేను పెట్టుకున్నది 8 కిలోలు, ఎక్కడో ఒకసారి ఎవరో ఇచ్చారు, అప్పట్నుంచీ అదే నంబర్ చెప్తున్నా. ట్యాంక్‌లో గాలి పీడనం 50 బార్‌కి తగ్గాక, అంటే చాలావరకు ఖాళీ అయ్యాక, నీటి పైన చెక్ చేయించింది, బీసీడీలో (తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లో) గాలి మొత్తం తీసేసి మామూలుగా ఊపిరి పీల్చి ఆపితే నీళ్ళు కళ్ళ దగ్గర ఉండాలి, వదిలితే మెల్లగా మునగాలి. నేను ఊపిరి ఆపినా రాయిలా దిగిపోయా. తగ్గిస్తూ తగ్గిస్తూ 5 కిలోల దగ్గర ఆగాం. ట్యాంక్ నిండుగా ఉన్నప్పుడు చెక్ చేస్తే తప్పు లెక్క వస్తుంది, ఎందుకంటే అల్యూమినియం ట్యాంక్ ఖాళీ అయ్యేకొద్దీ రెండు కిలోల దాకా తేలికవుతుంది. నాకు అంతవరకు తెలియనిది ఏంటంటే బరువు ఎక్కువైతే దాన్ని బ్యాలెన్స్ చేయడానికి బీసీడీలో గాలి ఎక్కువ కొట్టాలి, ఆ గాలి ఛాతీని పైకి లాగుతుంది, నడుముకున్న బరువు కాళ్ళని కిందికి లాగుతుంది, ఇక మనం నీళ్ళలో నడుస్తున్నట్టు నిలువుగా పోతుంటే ఫిన్స్ కరెక్ట్‌గా కోరల్ ఎత్తుకి వస్తాయి. అంటే ఆ ముక్క విరిగింది తాబేలు వల్ల కాదు, ఆ మూడు కిలోల వల్ల.

తర్వాత ఇసుక ఉన్న చోట గంటసేపు కప్ప ఈదినట్టు ఫ్రాగ్ కిక్, వెనక్కి వెళ్ళడం, ఊపిరితోనే పైకీ కిందికీ కదలడం. పీల్చగానే లేవం, ఒకట్రెండు సెకన్లు ఆగి లేస్తాం, ఆ ఆలస్యం ఒంటికి అలవాటు కావాలి, నాకు రెండు డైవ్స్ పట్టింది. వేలాడే గేజ్‌నీ ఆక్టోపస్‌నీ (ఊపిరి పీల్చుకునే స్పేర్ గొట్టాన్ని) క్లిప్ పెట్టి ఒంటికి దగ్గరగా కట్టుకోమంది. బావ పరిస్థితి నాకంటే ఘోరం, రెండు చేతులూ కెమెరాకే అంకితం కదా, ఆ రోజు కెమెరా పడవలోనే ఉంచేయమంది, ఆయన మొహం చూడాలి.

మూడో రోజు చార్ట్ చేతికొచ్చింది. ప్లాస్టిక్ పలకలా ఉంటుంది, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసింది, నాలుగు రకాల రంగులు, వాటికి బీ, సీ, డీ, ఈ అని పేర్లు, ఒక్కోదాంట్లో 1 నుంచి 6 దాకా షేడ్లు, 6 అంటే బాగా ముదురు. కోరల్‌కి ఆ రంగు ఇచ్చేది లోపలుండే ఆల్గే (కంటికి కనపడనంత చిన్న నాచు), దానికి తిండిలో ఎక్కువ భాగం పెట్టేది కూడా అదే, నీళ్ళు వేడెక్కితే కోరల్ దాన్ని వెళ్ళగొట్టేసి తెల్లబడుతుంది, బ్లీచింగ్ అంటే ఇదే. పని చెప్పుకోడానికి చాలా సింపుల్, ఒక కోరల్ ఎంచుకుని దాంట్లో అన్నిటికంటే లేత చోటు ఏ నంబర్, ముదురు చోటు ఏ నంబర్, ఆకారం కొమ్మలా గుండ్రాయా పళ్ళెమా మెత్తనిదా, రాసుకుని ఇంకోదానికి వెళ్ళడం, అలా కనీసం ఇరవై.

చేస్తే తెలిసింది. ముట్టుకోకుండా చార్ట్‌ని కోరల్ పక్కన పట్టుకుని, పెన్సిల్‌తో రాస్తూ, ఒకే ఎత్తులో ఆగి ఉండాలి! నిన్నటి డ్రిల్ లేకపోతే ఒక్కోదానికి ఒక్కోటి విరగ్గొట్టేవాణ్ణి. పైగా 12 మీటర్ల లోతులో ఎరుపు రంగు పోతుంది, అన్నీ నీలంగా కనిపిస్తాయి, అందుకని టార్చ్ వేసి చూడాలి. కొమ్మల చివర్లు తెల్లగా ఉన్నాయని గాభరాపడి బ్లీచింగ్ రాసేశా, కాదంట, అవి కొత్తగా పెరుగుతున్న కొనలు, వాటిని లెక్కలోకి తీసుకోకూడదు. ఒక కోరల్ దగ్గర నేను డీ3 అని వేళ్ళు చూపిస్తే బావ డీ4 అని చూపించాడు, 12 మీటర్ల కింద చేతులూపుకుంటూ కొట్లాడుకున్నాం, గాలి బాగానే ఖర్చయింది.

ఐదో రోజు రెండో సర్వేలో ఒక కోరల్‌కి చుట్టుకున్న చేపల గాలం దారం కనిపించింది. నేను హీరోలా వెళ్ళి లాగబోయా, ఇన్‌స్ట్రక్టర్ నా మణికట్టు పట్టుకుంది. లాగితే దారం రంపంలా కోస్తుందట. బయటికున్న భాగం మాత్రం కత్తెరతో ముక్కలు చేసి తీసింది, కోరల్ పెరిగి లోపలికి కలిపేసుకున్న భాగాన్ని అలాగే వదిలేసింది. తీసిన చెత్తని పైకొచ్చాక రకాలవారీగా లెక్కపెట్టి, తూచి, డైవ్ అగైన్‌స్ట్ డెబ్రిస్ (డైవర్లు సముద్రంలో దొరికిన చెత్త లెక్కలు పంపే కార్యక్రమం) లిస్టులో ఎక్కించాం, 2011 నుంచీ డైవర్లు ఇలా పంపుతూనే ఉన్నారు. చెత్త ఏమీ కనపడకపోయినా కనపడలేదని కూడా పంపాలట, అది నాకు నచ్చింది.

సన్‌స్క్రీన్ గురించి కూడా అందరూ అడుగుతారు కాబట్టి చెప్తా. ఆక్సీబెంజోన్ (కోరల్‌కి హాని చేస్తుందంటున్న రసాయనం) ఉన్నవాటిని పసిఫిక్‌లోని పలావ్ దేశం 2020లో, హవాయి 2021లో అమ్మకుండా ఆపేశాయి. నేనైతే ఫుల్ హ్యాండ్స్ ర్యాష్ గార్డ్ (ఈతకి వేసుకునే బిగుతు చొక్కా) వేసుకున్నా, మొహానికి తప్ప క్రీమ్ అవసరం పడలేదు. కానీ నిజం చెప్పాలంటే క్రీమ్ మార్చడం తేలిక కాబట్టి మనమందరం దాని గురించే మాట్లాడతాం అనిపిస్తుంది, 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్త బ్లీచింగ్ నాలుగోసారి జరుగుతోందని ప్రకటించారు, అది సముద్రం వేడి వల్ల, క్రీమ్ వల్ల కాదు. నా ఇరవై నంబర్లు సముద్రాన్ని చల్లబరచవు, ఆ మాట ఇన్‌స్ట్రక్టరే చెప్పింది. అదే చోట మళ్ళీ మళ్ళీ కొలిస్తేనే రంగు ఎప్పుడు పడిపోయింది, ఎప్పుడు తిరిగొచ్చింది అని తెలుస్తుంది, అందుకే మా కంటే ముందు వచ్చిన వాళ్ళ షీట్లు కూడా సెంటర్లో ఫైల్ చేసి పెట్టింది.

చివరి సాయంత్రం అన్నీ ఎంట్రీ చేశాం, డైవ్ కంటే ఇదే ఎక్కువ సేపు పట్టింది, తడిసిన పలక మీద నా రాత నాకే అర్థం కాలేదు. డీ3 డీ4 గొడవ తేలకపోతే ఇన్‌స్ట్రక్టర్ ఆ కోరల్‌ని లిస్టులోంచి తీసేసింది, 39 పంపాం. లాప్‌టాప్ మూసేశాక, ఆ మొదటి రోజు వీడియో డిలీట్ చెయ్ బావా అని అడిగా. చెయ్యనన్నాడు, కొత్తగా వచ్చేవాళ్ళకి బ్రీఫింగ్‌లో చూపించుకోమని అప్పటికే ఇన్‌స్ట్రక్టర్‌కి ఇచ్చేశాడట.