నీలం కుక్క ఆడపిల్లంట

మా పెద్దాడికి నాలుగున్నర, చిన్నదానికి రెండు దాటింది. టీవీ ఇద్దరికీ కలిపి రోజుకో గంట, ఇక్కడ అమెరికాలో పిల్లల డాక్టర్లు రెండు నుంచి ఐదేళ్ళ వాళ్ళకి చెప్పే లెక్క అదే, పాటిస్తున్నామా అంటే వర్షం పడే శనివారాల సంగతి మాత్రం అడక్కండి. వీడికి ట్రక్కులు, దానికి ప్రిన్సెస్‌లు అని నేనే ముందే ఫిక్సైపోయి, ఒకళ్ళది పెడితే ఇంకొకళ్ళు ఇల్లు పీకి పందిరేస్తారని భయపడ్డా. తీరా చూస్తే ఆ తేడా వాళ్ళకి లేనే లేదు, ఉన్నదల్లా నాకే.

మా ఇంట్లో ఎక్కువ నడిచేది బ్లూయి అనే కార్టూన్. ఆస్ట్రేలియా వాళ్ళది, 2018లో మొదలైంది, ఒక్కోటి ఏడు నిమిషాలే కాబట్టి కుక్కర్ విజిల్స్ అయ్యేలోపు ఒకటి అయిపోతుంది. ఏబీసీడీలు, వన్ టూ త్రీలు పట్టుకుని కూర్చోరు, రెండు కుక్కపిల్లలు, అక్కాచెల్లెళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలతో ఆడుకునే ఆటలు, అంతే. ఒక ఎపిసోడ్‌లో బెలూన్ నేల మీద పడకుండా కొడుతూ ఉండడమే ఆట. అది చూసిన సాయంత్రం మా హాల్లో ఫ్యాన్ ఆపేసి, టీపాయ్ పక్కకి జరిపి గంటసేపు అదే పని, గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ మోకాళ్ళ నొప్పులని సోఫాలో కూర్చునే చీపురుతో బెలూన్ని పైకి తోస్తూ ఉంది.

బ్లూయి మగపిల్లాడని నెల రోజులు అనుకున్నా, నీలం రంగు కదా మరి. మా అమ్మ కూడా "వాడేడిరా, నీలపోడు" అనేది. పెద్దాడే ఒకరోజు విసుగొచ్చి "అమ్మమ్మా, షీ ఈజ్ ఎ గర్ల్" అన్నాడు. అన్నట్టు 1996లో వచ్చిన బ్లూస్ క్లూస్ అనే పిల్లల షోలో నీలం కుక్క కూడా ఆడదే. వీడి బర్త్‌డేకి బట్టలు కొనడానికెళ్తే మాత్రం నీలం ఒక వైపు, గులాబీ ఇంకో వైపు, ఇదేం గోలో.

అసలు సంగతి ఇది కాదు. మావాడు "నాన్న వచ్చింది" అనేవాడు. ఇక్కడ పుట్టిన పిల్లల్లో ఇది చాలామందికి ఉంది, ఇంట్లో తెలుగు ఎక్కువగా నా నోట్లోంచే వినేవాడు, నేనేమో రోజంతా చెల్లి తినింది, చెల్లి పడుకుంది అంటుంటా. "వచ్చింది కాదురా, వచ్చాడు" అని సరిచేస్తే మూతి ముడుచుకుని ఇంగ్లీష్‌లోకి వెళ్ళిపోయేవాడు.

వాడి తెలుగుని దారిలో పెట్టింది మా అమ్మే, అదీ కార్టూన్లతో. బ్లూస్ క్లూస్‌లో షో నడిపే అతను ఏదన్నా అడిగి పిల్లలు జవాబు చెప్పేదాకా కాసేపు ఆగుతాడు కదా, ఆ గ్యాప్‌లో మా అమ్మ తెలుగులో దూరిపోయేది, "ఎక్కడ దాక్కుందిరా కుక్క?" అని, వీళ్ళిద్దరూ పోటీపడి "అక్కడుంది" అని అరవడం. డేనియల్ టైగర్ వస్తే "వచ్చాడమ్మా ఎర్ర స్వెట్టరోడు". వాడు నాలుగేళ్ళ పులిపిల్ల, భయపడతాడు, ఏడుస్తాడు, చెల్లి పుడితే కుళ్ళుకుంటాడు కూడా, అందుకే నాకు ఇష్టం, మగపిల్లాడివి ఏడుస్తావేంట్రా అని మా చుట్టాలు ఫోన్‌లో అన్నప్పుడల్లా గుర్తొస్తాడు. అందులో బాత్రూమ్ పాటొకటి ఉంటుంది, మా అమ్మ దానికి సొంత కవిత్వం కట్టింది, "వచ్చిందంటే ఆపెయ్ ఆట, పరుగో పరుగు బాత్రూమ్ బాట" అని. చిన్నదానికి డైపర్ మానిపించింది ఆ పాటే, నేను కొన్న స్టిక్కర్ చార్టు ఫ్రిజ్ మీద అలాగే ఖాళీగా ఉంది.

ఆరు నెలలు అయిపోయి అమ్మ వెళ్ళిపోయింది. ఇప్పుడు వాట్సాప్‌లో ఫోన్‌ని టీవీ ముందు పెట్టి ముగ్గురూ కలిసి చూస్తారు, అక్కడ తెల్లవారుజాము, ఆవిడ కాఫీ గ్లాసుతో. పెద్దాడు "డేనియల్ వచ్చాడు, బ్లూయి వచ్చింది, నాన్న వచ్చాడు" అన్నీ కరెక్ట్‌గా అంటున్నాడు. హమ్మయ్య అనుకున్నానో లేదో, మొన్న నేను ఆఫీస్ నుంచి రాగానే చిన్నది తలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చి అన్నకి అరిచి చెప్పింది, "అమ్మ వచ్చాడు!"