నడిపోడి తూటా: .41 మాగ్నం రీలోడింగ్‌తో నా అనుభవం

నిన్న సాయంత్రం రేంజ్ నుంచి వచ్చి కాలిపర్ పెట్టి చూస్తే ఆరో తూటా పొడవు 1.581 అంగుళాలు. మిగతా ఐదూ కాల్చకముందు దానిది 1.580. అంగుళంలో వెయ్యో వంతు, అంటే ఒక థౌ తేడా. ఈ ఒక్క థౌ దగ్గరికి రావడానికి రెండున్నర నెలలు, దగ్గర దగ్గర నాలుగొందల ప్రైమర్లు (మందుని అంటించే చిన్న మూతలు), కాస్త పరువు ఖర్చయ్యాయి. మంట చల్లారకముందే రాసేస్తున్నాను. కాల్చిన ఇత్తడి గుల్లకి కొత్త ప్రైమర్, తుపాకీ మందు, గుండు పెట్టి మళ్ళీ తూటా చేసుకోవడమే రీలోడింగ్.

.41 మాగ్నం అనే రివాల్వర్ తూటా మన ఇళ్ళల్లో నడిపోడి లాంటిది. .357 మాగ్నం 1935లో వచ్చింది, .44 మాగ్నం 1955లో. ఎల్మర్ కీత్, బిల్ జోర్డాన్, స్కీటర్ స్కెల్టన్ లాంటి తుపాకీ రచయితలు పట్టుబట్టగా 1964లో స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 57 రివాల్వర్‌తో పాటు .41 బయటికొచ్చింది. పుట్టుకలో ఆఖరోడు, కొలతలో నడిపోడు. పోలీసులకని కదలని సైట్లతో మోడల్ 58 చేశారు. శాన్ ఆంటోనియో, శాన్ ఫ్రాన్సిస్కో లాంటి కొన్ని ఊళ్ళు తీసుకున్నాయి, అంతకుమించి పాకలేదు. ఇప్పుడు కొట్టుకెళితే .357 అరంతా ఉంటుంది, .44 సగం అర ఉంటుంది, .41 ఉంటే ఒక డబ్బా, దానిమీద దుమ్ము. తూటా ఒక్కోటి డాలరు పైమాటే. అందుకే .41 కొన్నవాడు కాల్చిన గుల్లల్ని నేలమీద చిల్లర పడ్డట్టు ఏరుకుంటాడు.

మనవాళ్ళు చాలామంది అడిగేది ముందే చెప్పేస్తాను. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి ఇక్కడి, అంటే అమెరికా, ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ, తూటా రెండూ నిషిద్ధమే. హంటింగ్ లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు వచ్చాక ఆ అడ్డు లేదు. సొంతానికి తూటాలు చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మడానికైతే కావాలి. మీ రాష్ట్రం రూల్సు విడిగా చూసుకోండి. ఇండియాలో లైసెన్సు లేకుండా తూటా తయారు చేస్తే ఆయుధాల చట్టం, 1959 కింద నేరం. ఇది చదివి ఊళ్ళో ఎవరూ మొదలెట్టకండి.

సామాన్లు కొనడం తేలిక: సింగిల్ స్టేజ్ ప్రెస్, .41 కార్బైడ్ డై సెట్టు (గుల్లని నొక్కే గట్టి అచ్చులు), షెల్ హోల్డర్ (ప్రెస్‌లో గుల్లని పట్టేది), పౌడర్ మెజర్, తూకం, కాలిపర్. కార్బైడ్ డై కాబట్టి గుల్లకి నూనె పూయక్కర్లేదు. మందు, ప్రైమర్లు ఆన్‌లైన్లో తెప్పిస్తే ప్రమాదకర సరుకని పార్సిల్‌కి విడిగా రుసుము వేస్తారు. అందుకే ఇద్దరు ముగ్గురు కలిసి ఒకేసారి తెప్పించుకోవడం మేలు.

గుల్లలు కడగడం, సైజింగ్ డైలో నొక్కడం, పాత ప్రైమర్ ఊడగొట్టడం: వీటికి ఒక్క లైను చాలు, ఏదీ ఎదురు తిరగలేదు. కొత్త ప్రైమర్ పెట్టాక వేలితో తడమండి. గుల్ల అడుగుకంటే వెంట్రుక మందం లోపలికి దిగాలి. పైకి ఉబ్బి ఉంటే సిలిండర్ (రివాల్వర్‌లో తూటాలు పట్టే తిరిగే డోలు) వెనక పలకకి రాసుకుని తిరగదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మందు విషయంలో గ్రెయిన్ల (మందు, గుండ్ల బరువు కొలిచే చిన్న కొలమానం) లెక్క ఇక్కడ రాయను. గుండు మారితే, అది దిగే లోతు మారితే, ప్రైమర్ మారితే లెక్క మారిపోతుంది. గుండు కంపెనీ, మందు కంపెనీ వేసిన మాన్యువల్స్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఎవడో కామెంట్లో పెట్టిన అంకె నమ్మి .41లో 36,000 పీఎస్ఐ ఒత్తిడి హద్దు దాటించినవాడి చేతికి ఎన్ని వేళ్ళుంటాయో ఆ కామెంట్ పెట్టినవాడు లెక్కపెట్టడు. నేను వాడింది హెచ్110. విన్‌చెస్టర్ 296 పేరుతో అమ్మేదీ ఇదే మందు. దీనికి రెండు షరతులు. మాగ్నం మందుని వెలిగించగల ప్రైమర్ ఉండాలి. పుస్తకంలో ఉన్న లెక్కకి 3 శాతం మించి తగ్గించకూడదు. తగ్గిస్తే సరిగ్గా అంటుకోక గుండు బారెల్లోనే ఇరుక్కునే ప్రమాదం ఉంది. మెత్తటి లోడు (తక్కువ తన్నేది) కావాలంటే యూనిక్ లాంటి వేరే మందుకి మారాలి, హెచ్110ని నీళ్ళ మజ్జిగ చేయకూడదు. అయితే యూనిక్ గుల్లలో అడుగునే ఉంటుంది, పొరపాటున రెండుసార్లు పోసినా పట్టేస్తుంది. కాబట్టి గుండ్లు పెట్టేముందు యాభై గుల్లల్నీ బ్లాకులో నిలబెట్టి టార్చి వేసి ఒక్కోటీ చూడాలి. హెచ్110 గుల్ల నిండా ఉంటుంది, రెండోసారి పోస్తే బల్లమీదికి పొర్లి అదే చెబుతుంది.

ఇక అసలు గోల.

మొదటి వంద తూటాలూ 210 గ్రెయిన్ల హోర్నాడీ ఎక్స్‌టీపీ గుండ్లతో చేశాను. చూడ్డానికి కొట్లో కొన్నట్టే ఉన్నాయి. రేంజ్‌కి తీసుకెళ్ళి రెండు సిలిండర్లు ఖాళీ చేసేసరికి సిలిండర్ మూయడం కష్టమైంది. తెరిచి చూస్తే ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం (గుల్లల్ని బయటికి నెట్టే ముక్క) కింద కాలని మందు రేణువులు, సన్న రవ్వలా. పళ్ళ బ్రష్‌తో దులిపితే మూసుకుంది. రోగం ఇదే అనుకుని, రివాల్వర్ మూతి పైకెత్తి గుల్లలు దులిపితే రేణువులు కిందికి జారవని తెలుసుకుని మురిసిపోయాను. అది రోగం కాదు, లక్షణం.

ఆ తర్వాతి వారం నాలుగు కాల్చాక ఐదోదానికి ట్రిగ్గర్ సగంలో ఆగిపోయింది. సిలిండర్ తిరగదు. ట్రిగ్గర్ వదిలి తెరుద్దామంటే పక్కకి రాదు. మూతి లక్ష్యం వైపే ఉంచి చెయ్యెత్తాను. రేంజ్ ఆఫీసర్ వచ్చి పక్కనుంచి చూసి లైనంతా కాల్పులు ఆపించాడు. పద్నాలుగు మంది తుపాకులు బల్లమీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డారు, నా మూలంగా. ఓ గుండు సిలిండర్ ముందు అంచు దాటి పొడుచుకొచ్చి ఫ్రేముకి అడ్డం పడింది. ఆయన ఇత్తడి పట్టీ ఒకటి సందులో దూర్చి, గుండు ముక్కుని మెల్లగా వెనక్కి నెట్టి, సిలిండర్ తెరిచాడు. మూడో లేన్లో మన కుర్రాడొకడు నిలబడి ఉన్నాడు. "అన్నా, ఇవి నువ్వే చేసినవా?" అన్నాడు. అంతే అన్నాడు. తర్వాత తన సామాను సర్దుకుని ఎనిమిదో లేన్‌కి మారాడు.

జరిగింది చెబుతాను. పేలినప్పుడు రివాల్వర్ వెనక్కి తంతుంది. మిగిలిన గుల్లలు దానితో పాటే వెనక్కి పోతాయి. వాటిలో ఉన్న గుండ్లకి మాత్రం ఉన్నచోటే ఉండాలని ఉంటుంది. ఆర్టీసీ బస్సు ఒక్కసారి కదిలితే నిలబడ్డవాళ్ళు వెనక్కి తూలినట్టే, ఇక్కడ గుండు ముందుకి జారుతుంది. ఒక్కో తన్నుకి కొంచెం కొంచెం. తప్పించుకున్న ఇంకో తూటా కొలిస్తే 1.580 కాస్తా 1.640 అయింది. .41కి గరిష్ఠ పొడవు 1.590.

నేను సామాను కొన్న కొట్టు పెద్దమనిషిని అడిగితే ఒక్కటే మాట: క్రింప్ పెంచు. గుల్ల మూతిని గుండు నడుముకున్న గాడిలోకి వంచడమే క్రింప్. పెంచాను, మళ్ళీ జారాయి. ఇంకా పెంచాను, ఇంకా ఎక్కువ జారాయి! పైగా కొన్ని సిలిండర్లోకే దిగలేదు. మూడోసారి అడిగితే నా చేతుల బలం మీద జోకేశాడు. నలభై ఏళ్ళుగా చేస్తున్నానంటాడు. నలభై ఏళ్ళు ఒకే తప్పు చేసినా అనుభవమనే పేరు వస్తుంది కదా.

క్రింప్ పెంచితే ఎందుకు చెడుతుందంటే, ఇత్తడికి సాగి వెనక్కొచ్చే గుణం ఉంది, లోపలున్న సీసానికి లేదు. గట్టిగా నొక్కితే గుండు నొక్కుకుపోయి అలాగే ఉండిపోతుంది, గుల్ల మాత్రం వదలగానే కాస్త వెనక్కొస్తుంది. మధ్యలో సందు. పైగా మూతిని కిందికి తోస్తుంటే దాని కింద గోడ బయటికి ఉబ్బి గుండుని వదిలేస్తుంది. సిలిండర్లోకి దిగనివి ఆ ఉబ్బు వల్లే. క్రింప్ తలుపుకి గొళ్ళెం లాంటిది, తలుపు చౌకట్లో బిగుతుగా కూర్చోకపోతే గొళ్ళెం ఒక్కటే ఎంతసేపు ఆపుతుంది? అసలు పట్టు గుల్ల గోడది.

ఆ పట్టు ఎక్కడ పోతోందో వెతికితే దొంగ ఎక్స్‌పాండర్ ప్లగ్గు. గుండు దిగడానికి గుల్ల మూతిని వెడల్పు చేసే ఉక్కు ముక్క అది. గుండు 0.410. నా సెట్టుతో వచ్చిన ప్లగ్గు మైక్రోమీటర్‌లో 0.409 చూపింది. సైజింగ్ డై కష్టపడి బిగించిన గుల్లని ఇది మళ్ళీ గుండంత వెడల్పు చేసేస్తోంది. నేను చేసింది ఇదీ: ప్లగ్గుని డ్రిల్లులో బిగించి, మెల్లగా తిప్పుతూ 320 నంబరు ఎమెరీ పేపరు, తర్వాత 600. పది సెకన్లకోసారి ఆపి, చల్లార్చి, కొలిచాను. 0.407 రాగానే ఆపేశాను. గుండుకంటే మూడు థౌలు తక్కువ. అంతకుమించి తగ్గిస్తే మెత్తటి సీసపు గుండు గుల్లలోకి దిగుతూ తానే నలిగి చిన్నదవుతుంది. చేయడం ఇష్టం లేకపోతే కంపెనీకి రాయండి, చిన్న ప్లగ్గు అమ్మేవాళ్ళున్నారు.

సరిపోయిందో లేదో తెలియడానికి రెండు గుర్తులు. గుండు కూర్చున్నాక గుల్లని దీపం ముందు తిప్పితే గుండు అడుగు ఎక్కడిదాకా ఉందో బయటికే తెలియాలి, దాని కింద సన్నటి నడుము కనబడాలి. రెండోది, క్రింప్ వేయకముందే తూటా ముక్కుని బల్ల అంచుకి ఆనించి బొటనవేళ్ళతో బలంగా నెట్టాలి. కొలిస్తే పొడవు మారకూడదు. నా పాత తూటాలు ఈ పరీక్షలో ఆవకాయ జాడీ మూతలా కదిలిపోయాయి.

ఇంకో రెండు దిద్దుబాట్లు. గుండు దించడం, క్రింప్ వేయడం ఒకే డైలో ఒకేసారి చేసేవాణ్ణి. అలా చేస్తే గుండు ఇంకా దిగుతుండగానే మూతి కరుస్తుంది. ఇప్పుడు రెండు వేర్వేరు దశలు. గుల్లల పొడవులు 1.277 నుంచి 1.288 దాకా ఉన్నాయి. పొడుగ్గా ఉన్నదానికి క్రింప్ ఎక్కువ, పొట్టిదానికి తక్కువ పడుతోందన్నమాట. అన్నిటినీ 1.280కి కోశాను, అంతకంటే పొట్టివి మెత్తటి లోడ్లకి పక్కన పెట్టాను. తిన్నటి గుల్లలు రైఫిల్ గుల్లల్లా పెరగవు, ఈ కోత ఒకసారి చాలు.

గాడి లేని రాగి పూత గుండ్లు చవకని కొనకండి, కనీసం ఫుల్ లోడుకి. క్రింప్ కరవడానికి వాటికి చోటే లేదు, గట్టిగా కరిస్తే పూత చిరుగుతుంది. ఒక ఆన్‌లైన్ కొట్టు ఫొటోలో గాడి ఉన్నవి చూపించి, లేనివి పంపి, వెనక్కి తీసుకోనంది. ఐదొందల గుండ్లు గ్యారేజీలో తలుపుకి అడ్డం పెట్టుకోవడానికి పనికొస్తున్నాయి.

పరీక్ష ఇలా చేయాలి. ఆరింటిలో ఒకదానికి మార్కర్‌తో గీత పెట్టి పొడవు రాసుకోండి. మిగతా ఐదూ కాల్చండి. గీత ఉన్నదాన్ని తీసి కొలవండి. దాన్నే మళ్ళీ పెట్టి ఇంకో ఐదు కాల్చి మళ్ళీ కొలవండి. ఐదు థౌలు దాటితే నా లెక్కలో ఆ లోడు పనికిరాదు. నిన్నటిది పది తన్నులకి ఒక థౌ. ఇంకో విశేషం: నక్షత్రం కింద రేణువులు దాదాపు మాయం. గుండుని పట్టి ఆపేది ఉంటేనే హెచ్110కి పూర్తిగా మండేంత ఒత్తిడి వస్తుంది, పట్టు లేక ముందే జారిపోతే సగం కాలకుండానే బయటపడుతుంది. రెండు జబ్బులకీ మూలం ఒక్కటే, నేను మాత్రం నెలరోజులు పళ్ళ బ్రష్ పట్టుకు తిరిగాను. క్రోనోగ్రాఫ్‌లో (గుండు వేగం కొలిచేది) వేగాల ప్రామాణిక విచలనం, అంటే తూటా తూటాకీ వచ్చే తేడా, సెకనుకి 41 అడుగుల నుంచి 12కి దిగింది. 25 గజాల్లో ఐదూ టీ సాసర్ కింద దాక్కునేంత దగ్గరగా పడ్డాయి. ఎనిమిదో లేన్ కుర్రాడు నిన్న రాలేదు, అదొక్కటే లోటు.

సిలిండర్ బిగుసుకున్నప్పుడు ఏది కారణమో చేతికే తెలుస్తుంది. మూసేటప్పుడే అడ్డుపడితే నక్షత్రం కింద మందు. మూసుకుని, తిరిగేటప్పుడు అన్ని గుల్లల దగ్గరా కాకుండా ఒక్కదాని దగ్గరే వెనకనుంచి రాసుకుంటే ఉబ్బిన ప్రైమర్. మొదట బాగా తిరిగి, కొన్ని పేలాక ఠక్కున ఆగితే జారిన గుండు. మూడోదానికి బలవంతం చేయకండి, సుత్తితో కొట్టకండి, ముందు చెయ్యెత్తండి.

ఇక మిగిలింది పాత తూటాలు విప్పడం, 138 ఉన్నాయి. సుత్తిలా ఉండే పుల్లర్‌లో పెట్టి గట్టి కట్టె మొద్దు మీద కొడుతున్నాను, మూడు దెబ్బలకి గుండు ఊడుతుంది. పుల్లర్‌తో వచ్చిన కాలెట్టే (గుల్లని పట్టే బిగింపు) వాడాలి, పని తొందరగా అవుతుందని షెల్ హోల్డర్ పెట్టేవాళ్ళున్నారు, వద్దు. కళ్ళద్దాలు తీయకూడదు. ఏ డబ్బాలోదో ఖాయంగా తెలిసిన మందునే ఆ డబ్బాలో తిరిగి పోస్తున్నాను, అనుమానమొస్తే పెరట్లో గడ్డి మీద చల్లేస్తున్నాను. గుల్లలో ప్రైమర్ బతికే ఉంటుంది కాబట్టి ప్రైమర్ని ఊడగొట్టే డీకాపింగ్ పిన్ను తీసేసి, సైజింగ్ డైలో మెల్లగా మళ్ళీ నొక్కి, కొత్త ప్లగ్గు ఎక్కించి వాడుకోవచ్చు. ఇవాళ్టికి 60 అయ్యాయి. మొద్దు దెబ్బలకి పక్కింటాయన రెండుసార్లు కిటికీలోంచి చూశాడు, మిగతావి పగలు చేస్తాను.