బార్లు, టన్నెళ్లు తర్వాత కొనొచ్చు, ముందు నేల మీద మొదలుపెట్టండి

కుక్కకి అజిలిటీ, అంటే అడ్డంకులు దాటుతూ పరిగెత్తే ఆట, నేర్పించాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది సామాన్ల గురించే. టన్నెల్ ఏ సైజుది కొనాలి, దూకడానికి పెట్టే అడ్డకర్ర, అదే బార్, ఎంత ఎత్తులో పెట్టాలి, ఆ కర్రల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ వెళ్లడం ఎన్నాళ్లకి వస్తుంది, ఇవే ప్రశ్నలు. వీడియోల్లో కంటికి ఆనేది అదే కాబట్టి అడగడంలో తప్పేం లేదు. కానీ నన్నడిగితే మొదటి రెండు మూడు నెలలు అవేవీ అక్కర్లేదు. జారని నేల, జేబు నిండా చిన్న చిన్న ట్రీట్లు, మీరూ మీ కుక్కా, అంతే.

అసలు ఈ ఆటేంటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పేస్తాను. 1978లో లండన్‌లో జరిగిన క్రఫ్ట్స్ డాగ్ షోలో, ఒక పోటీకీ ఇంకో పోటీకీ మధ్య జనానికి కాలక్షేపంగా ఉంటుందని, గుర్రాల జంపింగ్ పోటీల పద్ధతిలో కుక్కల చేత ఒక ప్రదర్శన చేయించారు. జనానికి అది తెగ నచ్చేసింది, అక్కడి నుంచి దేశదేశాలకీ పాకింది. జడ్జి వేసిన వరసలో జంపులు, టన్నెల్, టైరు, ఏ-ఫ్రేమ్ (ఇంగ్లీషు A లా నిలబెట్టిన రెండు ఏటవాలు బల్లలు), డాగ్ వాక్ (ఎత్తులో ఉండే సన్నటి వంతెన), సీ-సా (ఒక పక్క ఎక్కితే ఇంకో పక్క లేచే బల్ల), వీవ్ పోల్స్ (మధ్య నుంచి మెలికలు తిరుగుతూ వెళ్లే కర్రల వరస) అన్నీ తప్పుల్లేకుండా, వీలైనంత తక్కువ టైములో దాటాలి. ఆ వరస ప్రతిసారీ మారుతుంది. మనకైతే కుక్క లేకుండా ఒకసారి నడిచి చూసుకోవడానికి కొన్ని నిమిషాలిస్తారు, కుక్కకి మాత్రం తర్వాత ఎటు వెళ్లాలో తెలిసే దారే లేదు. పరిగెడుతూనే మనం చెప్పాలి, అదీ ముట్టుకోకుండా, చేతిలో ట్రీటూ బొమ్మా లేకుండా.

అందుకే నేల మీద పని ముందు అంటాను. కుక్క మన నోటి మాట కన్నా మన ఒంటి కదలికనే ఎక్కువ పట్టించుకుంటుంది. నోటితో "టన్నెల్" అని అరుస్తూ భుజాలూ పాదాలూ జంప్ వైపు తిప్పి ఉంచితే అది జంప్ మీదికే వెళ్తుంది, అప్పుడు మాట వినలేదని దాన్ని కోప్పడితే పాపం అన్యాయం కదా. మా కుక్క చిట్టిని ఎడమ పక్కన పెట్టుకుని నెమ్మదిగా పరిగెడుతుంటే అది నా మొహం వైపు చూడనే చూడదు, తల కొంచెం కిందికి వంచి నా మోకాలి పక్కనే చూపు పెట్టుకుని వస్తుంది, నేను ఆగడానికి అడుగు చిన్నది చేసిన క్షణంలోనే దాని వెనక కాళ్లు ముడుచుకుంటాయి. నేనింకా ఆగనే లేదు, దానికి మాత్రం తెలిసిపోయింది!

ఇంట్లోనే చేయగలిగింది ఒకటి చెప్తాను. కుక్క ఎడమ పక్కన ఉండగా నాలుగడుగులు పరిగెత్తండి, తర్వాత దాని వైపే తిరుగుతూ దాన్ని కుడి పక్కకి తీసుకోండి. ఫ్రంట్ క్రాస్ అనేది ఇదే. ట్రీట్ మాత్రం కుడి కాలి పక్కన, కుక్క ఎక్కడికి రావాలో సరిగ్గా అక్కడే ఇవ్వండి. ట్రీట్ ఏ చోట అందుతుందో కుక్క ఆ చోటునే గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి ఇది చిన్న విషయంలా తీసిపారేయొద్దు. రెండు పక్కలా సమానంగా చేయించండి. ఇది కుదిరాక ఒక బకెట్ బోర్లించి, దాని చుట్టూ తిరిగి రమ్మని పంపడం నేర్పండి. అయిదు నిమిషాలు చాలు, అది ఇంకా ఇంకా అంటుండగానే ఆపేయండి.

వయసు విషయంలో మాత్రం నేను అస్సలు తగ్గను. కుక్కపిల్లల ఎముకల చివర్లలో పెరుగుదల జరిగే మెత్తటి భాగాలుంటాయి, అవి గట్టిపడటానికి చాలా కుక్కలకి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, పెద్ద జాతులకి ఇంకాస్త ఎక్కువే. అప్పటిదాకా బార్ నేల మీదే ఉండాలి. వీవ్ పోల్స్ కూడా పదే పదే చేయించకూడదు, వెన్ను అటూ ఇటూ మెలితిరిగే పని అది. అంతర్జాతీయ పోటీలు నడిపే ఎఫ్‌సీఐ కూడా 18 నెలలు నిండని కుక్కని బరిలోకి దించనివ్వదు. మొదలుపెట్టే ముందు ఒకసారి వెటర్నరీ డాక్టర్‌కి చూపించి తుంటి, మోచేతులు, బరువు సరిగ్గా ఉన్నాయో లేదో కనుక్కోండి. లావుగా ఉంటే ముందు బరువు తగ్గించాలి, నడుము పొడుగు కుక్కల్ని ఎత్తు నుంచి దూకించొద్దు, ముక్కు చప్పిడిగా ఉండేవి ఎండలో తొందరగా వగరుస్తాయి కాబట్టి చల్లని పూటే మేలు. గోళ్లు కత్తిరించి ఉంచండి. జాతి గురించైతే బెంగే వద్దు, ఏ కుక్కైనా ఆడొచ్చు.

సామాన్ల దగ్గరికొచ్చాక తొందరపడకూడనిది సీ-సాతోనే. కాలి కింద బల్ల కదలడం ఒకటి, ఆ చివర నేలకి తగిలినప్పుడు 'ధన్' మని వచ్చే చప్పుడు ఇంకొకటి, ఒకసారి బెదిరిందంటే మళ్లీ ఎక్కించడానికి నెలలు పడుతుంది. చిట్టికి నేర్పేటప్పుడు కిందికి వాలే చివర కింద మందపాటి పరుపు పెట్టి, బల్ల రెండు వేళ్ల మందం మాత్రమే దిగేలా చూసుకున్నాను. మొదట ఒక్క ముందు కాలు వేసింది, బల్ల కాస్త దిగగానే చెవులు వెనక్కి పెట్టేసి కాలు తీసేసుకుంది. నేనేమీ అనలేదు, లాగలేదు. కాసేపటికి తనంతట తనే మళ్లీ వేసి నా వైపు చూసింది, వెంటనే ట్రీట్. అలా పరుపు మందం కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చాం.

ఏ-ఫ్రేమ్, డాగ్ వాక్, సీ-సాల చివర్లలో రంగు వేసిన భాగం ఉంటుంది, దిగేటప్పుడు దాని మీద కనీసం ఒక పాదమైనా పడాలి. ఇది పెట్టడానికి కారణం కుక్క పైనుంచే దూకేసి దెబ్బ తగిలించుకోకుండా ఉండటానికి. వెనక కాళ్లు బల్ల మీద, ముందు కాళ్లు నేల మీద పెట్టి ఆగడం మెట్ల చివరి మెట్టు దగ్గర కూడా నేర్పొచ్చు. వీవ్ పోల్స్ అన్నిటికన్నా ఆఖరున. పన్నెండు కర్రలు, ఒక్కోదాని మధ్య 60 సెంటీమీటర్లు, మొదటి కర్ర ఎప్పుడూ కుక్క ఎడమ భుజం పక్కనే ఉండాలి. రెండు కర్రలతో మొదలుపెడితే చాలు.

ట్రైనర్‌ని ఎంచుకునే ముందు కుక్క లేకుండా వెళ్లి ఒక క్లాసు చూసి రండి. కుక్క ఎక్కనని మొరాయిస్తే ఆయన ఏం చేస్తున్నారో చూస్తే మీకే అర్థమైపోతుంది. పట్టీ పట్టుకుని బల్ల మీదికి లాగుతున్నా, పిల్లకుక్కలకి బార్ ఎత్తులో పెడుతున్నా అక్కడ చేరొద్దు, ఎంత పేరున్న ట్రైనరైనా సరే.

ఇంకొకటి, ప్రాక్టీస్ చేసేటప్పుడు ఎవరిచేతైనా ఫోన్‌లో వీడియో తీయించుకోండి. చూసేటప్పుడు కుక్కని వదిలేసి మీ పాదాలు మాత్రమే చూడండి, అది దారి తప్పిన ప్రతి చోటా ముందు మీ పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో గమనించి మర్నాడు ఆ ఒక్క మలుపే మళ్లీ చేయండి.